టర్బో ఎస్‌యూవీకి ఇథనాల్ మిశ్రమంతో బలం పెంచే క్రమం: నల్లగొండ, పాలమూరు ఎండలకు తగిన పద్ధతి

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో బంకుకు వెళ్లి టర్బో పెట్రోల్ ఎస్‌యూవీ ట్యాంకు నింపించుకునే ప్రతి ఒక్కరూ ఇప్పటికే ఇథనాల్ కలిసిన ఇంధనంతోనే బండి నడుపుతున్నారు. దేశంలో పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం 2022 జూన్‌లో నెరవేరింది. 20 శాతం మిశ్రమమైన ఈ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో ఎంపిక చేసిన బంకుల్లో మొదలైంది. మొదట 2030 నాటికి అనుకున్న ఈ 20 శాతం లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. అందువల్ల ఇథనాల్‌తో బలం పెంచుకోవాలనుకునే వారు ఎక్కడి నుంచో ప్రత్యేక ఇంధనం తెప్పించుకోవడం గురించి ఆలోచించే ముందు, తమ ట్యాంకులో ఉన్న ఈ20 నుంచి ఎంత రాబట్టవచ్చో తెలుసుకోవాలి. నా అంచనాలో దక్షిణ తెలంగాణలో తిరిగే బండ్లలో ఎక్కువ వాటికి అదే చాలు. అంతకు మించి వెళ్లదలచిన వారికి 30 శాతం మిశ్రమమైన ఈ30 వరకు దారి ఎలా ఉంటుందో కూడా ఇందులో వివరిస్తాను.

ఇథనాల్ ఏం చేస్తుంది, ఏం చేయదు

ఇథనాల్ పోస్తే బండికి బలం వస్తుందన్న మాట సగమే నిజం. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు సరిపోతుంది. ఇంజన్ పీల్చుకునే గాలి అంతే ఉన్నప్పుడు ఇథనాల్‌ను ఎక్కువగా మండించవలసి వస్తుంది కాబట్టి, కిలో గాలికి వచ్చే శక్తి రెండు ఇంధనాలకూ దాదాపు సమానంగానే తేలుతుంది. అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు ఈసీయూను తాకకుండా ఇథనాల్ శాతం మాత్రమే పెంచితే మైలేజీ తగ్గుతుంది, పికప్‌లో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

లాభం రెండు వేరే గుణాల నుంచి వస్తుంది. మొదటిది ఆక్టేన్. బీఎస్-6 సాధారణ పెట్రోలుకు కనీస ఆక్టేన్ సంఖ్య 91 కాగా ఈ20కి అది 95, శుద్ధ ఇథనాల్‌కు సుమారు 108. ఆక్టేన్ ఎక్కువగా ఉంటే సిలిండరులో ఒత్తిడి, వేడి పెరిగినా ఇంధనం తనంతట తాను పేలిపోదు, అంటే నాకింగ్ రాదు. రెండవది ఆవిరి కావడానికి ఇథనాల్ తీసుకునే వేడి. కిలోకు చూస్తే అది పెట్రోలు తీసుకునే దానికి దాదాపు రెండున్నర రెట్లు. ఇంధనాన్ని నేరుగా సిలిండరులోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో ఈ చల్లదనం మొత్తం లోపలి గాలికే దక్కుతుంది. పోర్టులో చిమ్మే ఇంజన్లలో కొంత భాగం గోడల లోహాన్ని చల్లబరచడానికి పోతుంది. ఈ రెండు గుణాలూ కలిసి నాకింగ్ హద్దును దూరం జరుపుతాయి. జరిగిన ఆ మేర స్పార్కు పడే క్షణాన్ని ముందుకు తెచ్చి, టర్బో బూస్ట్‌ను, అంటే టర్బో గాలిని నెట్టే ఒత్తిడిని, కొద్దిగా పెంచి వాడుకుంటేనే చక్రాల దగ్గర బలం కనిపిస్తుంది. మే నెలలో నల్లగొండలో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరినప్పుడు ఇంజన్‌లోకి వచ్చే గాలి వేడెక్కి ఆ హద్దును తిరిగి దగ్గరికి లాగుతుంది. చల్లటి దేశాల వారు రాసిన లెక్కలను ఇక్కడ యథాతథంగా వాడకూడదనడానికి కారణం ఇదే.

ముందు చట్టం, బీమా సంగతి

ఈ భాగాన్ని దాటవేయాలనిపించడం సహజమే కానీ డబ్బు పెట్టక ముందే చదవడం మేలు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనంలో మార్పులు చేయకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. ఈసీయూలో ఇంధనం, స్పార్కు, బూస్ట్ విలువలు ఉండే ఫైలు మార్చిన తరువాత ఇంజన్, గేర్‌బాక్స్ వారంటీ మీద ఆశ పెట్టుకోకూడదు. బీమా సంస్థకు చెప్పకుండా మార్పు చేస్తే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ తిరస్కరణకు అది కారణం కావచ్చు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీసివేసే పని ఏదీ ఈ వ్యాసంలో లేదు, అవసరమూ లేదు. ఈ30 వరకు వెళ్లే బండికి కంపెనీ ఇచ్చిన పొగగొట్టమే సరిపోతుంది.

బండి తగినదేనా

2023 ఏప్రిల్ తరువాత తయారైన పెట్రోలు కార్ల ఇంధన గొట్టాలు, రబ్బరు సీళ్లు ఈ20ని తట్టుకునేలా ఉంటాయి. అంతకు ముందరి బండి అయితే యజమాని పుస్తకంలో, ట్యాంకు మూత లోపలి చీటీ మీద ఎంత శాతం వరకు అనుమతించారో చూడాలి. అక్కడ ఈ10 అని మాత్రమే ఉంటే బలం పెంచే ఆలోచన పక్కన పెట్టి, ముందు గొట్టాలు, ఇంజెక్టర్ ఓ-రింగులు మార్పించుకోవడం మంచిది.

తరువాత చూడవలసింది గేర్‌బాక్స్. చాలామంది ఇంజన్ గురించి అడుగుతారు గానీ గేర్‌బాక్స్ ఎంత టార్క్, అంటే తిప్పే బలం, మోయగలదని అడగరు. కుషాక్, టైగున్‌లలోని 1.5 టీఎస్‌ఐ ఇంజన్ 250 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. దానికి జోడించిన డ్రై క్లచ్ డీఎస్‌జీ గేర్‌బాక్స్ హద్దు కూడా 250 దగ్గరే ఉంది, అంటే కంపెనీయే ఆ హద్దు అంచున ఆగింది. అటువంటి బండిలో టార్క్ పెంచితే మొదట క్లచ్ ప్యాక్ పోతుంది, ఇంజన్ బాగానే ఉంటుంది. సెల్టోస్, క్రెటాలలోని 1.5 టర్బో 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, దాని డీసీటీ అనే జంట క్లచ్ గేర్‌బాక్స్ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. క్లచ్‌కు బదులు ద్రవం ద్వారా బలాన్ని అందించే టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్ ఉన్న ఎక్స్‌యూవీ 700, స్కార్పియో-ఎన్ రెండు లీటర్ల ఎంస్టాలియన్ ఇంజన్ బండ్లు దీనికి కొంత అనువైనవి. అదే ఇంజన్ థార్‌లో 150 పీఎస్‌కే పరిమితమైంది, ఎక్స్‌యూవీ 700లో 200 పీఎస్ ఇస్తుంది. కాబట్టి థార్ యజమానికి ఇంజన్ వైపు నుంచి వీలు ఎక్కువ. అయితే పొట్టి వీల్‌బేస్, ఎత్తైన శరీరం ఉన్న బండికి 200 పీఎస్ అవసరమా అన్నది వేరే ప్రశ్న, నా వరకు అవసరం లేదనే అంటాను.

ఆరోగ్యం సరిగా లేని ఇంజన్‌ను ట్యూన్ చేయకూడదు. కంప్రెషన్ పరీక్ష చేయించి సిలిండర్ల మధ్య తేడా 10 శాతానికి మించలేదని నిర్ధారించుకోవాలి. టర్బో నుంచి ఇంటేక్ వరకు ఉన్న గొట్టాలలో గాలి లీకు ఉందేమో పొగ యంత్రంతో చూపించాలి. జడ్చర్ల, షాద్‌నగర్ మధ్య 44వ జాతీయ రహదారి మీదనో, చౌటుప్పల్, నకిరేకల్ మధ్య 65వ జాతీయ రహదారి మీదనో రోజూ తిరిగే బండి ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండి ఉంటుంది, కొత్తది వేయాలి. ఇంజన్ ఆయిల్ ఏపీఐ ఎస్పీ ప్రమాణానిది కావాలి. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో తక్కువ ఆర్‌పీఎం వద్ద స్పార్కుకు ముందే మంట అంటుకునే జబ్బు ఒకటి ఉంది, పిస్టన్‌ను పగులగొట్టేది అదే. 2020లో వచ్చిన ఈ ప్రమాణంలో ఆ జబ్బును అడ్డుకునే పరీక్ష కూడా చేర్చారు.

ట్యాంకులో నిజంగా ఎంత ఉంది

ట్యూనింగ్ మొత్తం ఇథనాల్ శాతం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి దానిని ఊహించకుండా కొలవాలి. ఇంటి దగ్గర చేయగల పరీక్ష ఒకటి ఉంది. కళాశాల ల్యాబులకు సామాను అమ్మే దుకాణంలో 100 మిల్లీలీటర్ల కొలత గాజు గొట్టం దొరుకుతుంది. అందులో 20 మి.లీ. నీళ్లు పోసి, గీత స్పష్టంగా కనబడడానికి రెండు చుక్కల నీలి సిరా కలపాలి. దాని మీద 80 మి.లీ. పెట్రోలు పోసి, మూత బిగించి, నెమ్మదిగా కలిపి, మధ్యమధ్య మూత వదులు చేసి ఆవిరి వదలాలి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే ఇథనాల్ పెట్రోలును విడిచి నీటిలో కలుస్తుంది, అడుగు పొర పెరుగుతుంది. 20 గీత దగ్గర ఉన్న నీరు 36కు చేరితే 16 మి.లీ. ఇథనాల్ వచ్చినట్టు, అంటే 80లో 20 శాతం. నీరు, ఇథనాల్ కలిసినప్పుడు మొత్తం పరిమాణం కొద్దిగా కుంచించుకుంటుంది కాబట్టి లెక్క ఒకటి రెండు శాతం తక్కువ చూపించవచ్చు. ఈ పని ఆరుబయట, నిప్పుకు, స్విచ్చులకు దూరంగా చేయాలి. పరీక్షించిన ద్రవాన్ని తిరిగి ట్యాంకులో పోయకూడదు.

ఈ20ని దాటే వారికి ఈ పరీక్ష చాలదు, ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సర్ కావాలి. ఇంధన గొట్టం మధ్యలో అమర్చే ఈ సెన్సర్ ఇథనాల్ శాతాన్ని ఫ్రీక్వెన్సీ రూపంలో పంపుతుంది. ఎక్కువగా వాడుకలో ఉన్న రకంలో 50 హెర్ట్జ్ అంటే ఇథనాల్ లేదని, 150 హెర్ట్జ్ అంటే పూర్తిగా ఇథనాల్ అని అర్థం. ఆ లెక్కన ఈ20కి 70, ఈ30కి 80 రావాలి. సెన్సర్‌ను తక్కువ ఒత్తిడి గొట్టంలోనే, అంటే ట్యాంకు పంపుకు, హై ప్రెషర్ పంపుకు మధ్యలోనే అమర్చాలి. ఈసీయూ దీన్ని నేరుగా చదవలేకపోతే డాష్‌బోర్డు మీద చిన్న డిస్‌ప్లేగా పెట్టుకున్నా ప్రయోజనమే, ఏ ఫైలు మీద నడపాలో డ్రైవరుకు తెలుస్తుంది.

ఇంధన వ్యవస్థకు ఆ శక్తి ఉందా

ఇది లెక్క వేసి తేల్చుకోవలసిన విషయం. ఈ20కి గాలి, ఇంధన నిష్పత్తి సుమారు 13.5, ఈ30కి 12.9, ఈ85కి 9.8. ఇదే బలానికి ఈ20 నుంచి ఈ30కి మారితే లీటర్ల లెక్కలో సుమారు 4 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. ఆ పైన బలం 15 శాతం పెంచితే గాలి 15 శాతం పెరిగినట్టే, రెండూ కలిస్తే అవసరం దాదాపు 20 శాతం పెరుగుతుంది. ఎక్కువ బండ్ల పంపులు ఈ భారాన్ని మోస్తాయి. అదే లెక్క ఈ85కు వేస్తే ఇంధనం 50 శాతానికి పైగా పెరగాలి. అప్పుడు హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు, ట్యాంకు పంపు అన్నీ మార్చాలి, ఆ ఖర్చుకు మరో బండి ముందస్తు సొమ్ము వస్తుంది. బోరులో నీళ్లు లేకుండా మోటారు హార్స్‌పవర్ పెంచితే ఏమవుతుందో మన రైతుకు చెప్పనక్కరలేదు, ఇంధనం అందని చోట బూస్ట్ పెంచడం అటువంటిదే.

లెక్క తరువాత స్కానర్‌తో నిర్ధారణ చేసుకోవాలి. ఓబీడీ పోర్టుకు తగిలించి, ఈ20తో, కంపెనీ ఫైలు మీదే ఈ వివరాలు రికార్డు చేయాలి: స్వల్పకాల, దీర్ఘకాల ఇంధన ట్రిమ్‌లు (ఇంధనం మోతాదుకు ఈసీయూ తనంతట తాను చేసే సవరణలు), రైలు ఒత్తిడిలో (ఇంజెక్టర్లకు ఇంధనం పంచే గొట్టంలోని ఒత్తిడిలో) అడిగినదీ వచ్చినదీ, ఇంటేక్ గాలి ఉష్ణోగ్రత, ప్రతి సిలిండరులో నాకింగ్ వల్ల వెనక్కి తగ్గిన స్పార్కు డిగ్రీలు, బూస్ట్. ట్రిమ్‌లు రెండూ కలిపి 5 శాతం లోపు ఉంటే బాగున్నట్టు. ప్లస్ 10 శాతం దాటితే ఎక్కడో లీకు ఉందనో, పంపు బలహీనపడిందనో అనుమానించాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లలో రైలు ఒత్తిడి 200 నుంచి 350 బార్ల వరకు ఉంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో వచ్చిన ఒత్తిడి అడిగిన దాని కన్నా 10 శాతం కిందికి పడిపోతే పంపు హద్దు వచ్చేసినట్టే, అక్కడితో ఆగాలి. నెక్సాన్ వంటి పోర్ట్ ఇంజెక్షన్ బండిలో ఇంజెక్టర్ డ్యూటీ, అంటే అది తెరిచి ఉండే సమయం, 85 శాతం దాటకూడదు.

ఈ30 కలపడం, ఇథనాల్ సంపాదన

ఇథనాల్ పరిశ్రమలు మన ప్రాంతానికి కొత్త కాదు. నారాయణపేట జిల్లా మరికల్ మండలం చిత్తనూరు పేరు, అక్కడి పరిశ్రమ మీద ఊళ్ల వారు నీళ్ల గురించి, వాసన గురించి చేసిన ఆందోళన వల్ల రాష్ట్రమంతటికీ తెలిసింది. పరిశ్రమ దగ్గరలో ఉంది కదా అని డబ్బాలో ఇథనాల్ తెచ్చుకోవచ్చనుకోవడం పొరపాటు. ఇంధన ఇథనాల్ చమురు కంపెనీల డిపోలకే వెళ్తుంది, ఆల్కహాల్ నిల్వ, రవాణా ఎక్సైజ్ శాఖ నియంత్రణలో ఉంటాయి. లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడం నేరం. శానిటైజర్, పెయింటు థిన్నర్, పారిశ్రామిక స్పిరిట్ వంటివి ట్యాంకులో పోయడం ఇంజన్‌కు హాని. వాటిలో నీరు ఉండవచ్చు, మిథనాల్ ఉండవచ్చు. మిథనాల్ అల్యూమినియాన్ని తినేస్తుంది, మనిషికి విషం.

చట్టబద్ధమైన దారి బంకులో దొరికే ఇంధనమే. ఇండియన్ ఆయిల్ 2024 మార్చిలో ‘ఇథనాల్ 100’ అనే ఇంధనాన్ని ఐదు రాష్ట్రాలలోని 183 బంకుల్లో ప్రారంభించింది. మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, ఢిల్లీ ఆ జాబితాలో ఉన్నాయి, తెలంగాణ లేదు. మక్తల్, నారాయణపేట వారికి కర్ణాటక సరిహద్దు దగ్గరే కాబట్టి అటు పని మీద వెళ్లినప్పుడు ఏ ఊరి బంకులో అమ్ముతున్నారో ముందే కనుక్కుని, నేరుగా ట్యాంకులోనే పోయించుకోవాలి. డబ్బాలలో పట్టి డిక్కీలో పెట్టుకుని ఎండలో రావడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఈ ఇంధనంలో పేరుకు 100 అని ఉన్నా ఇథనాల్ సుమారు 93 శాతం, మిగిలినది పెట్రోలు, రెండింటినీ కలిపి ఉంచే సహద్రావకం. కాబట్టి లెక్కలో 93 అనే వేసుకోవాలి. ట్యాంకులో 40 లీటర్ల ఈ20 ఉంటే అందులో ఇథనాల్ 8 లీటర్లు. దానికి 6.3 లీటర్ల ఇథనాల్ 100 చేరిస్తే ఇథనాల్ 13.9 లీటర్లు, మొత్తం 46.3 లీటర్లు, అంటే 30 శాతం. ట్యాంకు ముల్లు చూపే లీటర్లను నమ్మకుండా, పాతది ఎంత మిగిలిందో తెలిసిన స్థితిలో ఈ లెక్క వేయాలి. పోసిన తరువాత పదిహేను ఇరవై కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, సెన్సర్ అంకె నిలకడగా వచ్చాకనే ఫైలు మార్చాలి.

ఇంత శ్రమ అక్కరలేదనుకునే వారికి హైదరాబాద్‌లో కొన్ని బంకుల్లో దొరికే 100 ఆక్టేన్ పెట్రోలు ఉంది. ధర ఎక్కువ, కానీ సెన్సరూ లెక్కలూ అక్కరలేదు. ఇథనాల్ ఇచ్చే చల్లదనం మాత్రం అందులో అంతగా ఉండదు.

చల్లదనం, ప్లగ్గులు

ఫైలు రాయించే ముందే ఈ రెండూ పూర్తి చేయాలి. వేడిని త్వరగా బయటికి పంపే, ఒక మెట్టు చల్లటి రకం స్పార్కు ప్లగ్గులు వేసి, గ్యాప్ 0.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంచితే ఎక్కువ బూస్ట్‌లో స్పార్కు ఆరిపోదు. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరచే ఇంటర్‌కూలర్ రేకుల మధ్య ఇరుక్కున్న పురుగులు, దుమ్ము తక్కువ ఒత్తిడి నీటితో కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి. కంపెనీ ఇంటర్‌కూలర్‌తో మధ్యాహ్నం రెండు గంటలకు, ఏసీ వేసి, ఐదుగురితో, చౌటుప్పల్ ట్రాఫిక్‌లో పావుగంట నిలిచి కదిలినప్పుడు ఇంటేక్ గాలి ఉష్ణోగ్రత 65 డిగ్రీలు దాటుతుంటే, బూస్ట్ పెంచే డబ్బుతో ముందు పెద్ద ఇంటర్‌కూలర్ కొనడం మంచిది. అలా కొన్న వారికి ఏప్రిల్, మే నెలల్లో వచ్చే తేడా ఈ20 నుంచి ఈ30కి మారిన తేడా కన్నా ఎక్కువే ఉంటుందని నా అభిప్రాయం.

ఫైలు రాయించే క్రమం

బండి బలాన్ని కొలిచే డైనమోమీటరు (డైనో) ఉన్న, వైడ్‌బ్యాండ్ లాంబ్డా (ఇంధనం పూర్తిగా మండడానికి కావలసిన గాలితో పోల్చితే నిజంగా అందిన గాలి నిష్పత్తి) కొలత చూపగల షెడ్డునే ఎంచుకోవాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ వారికి దగ్గరి దారి హైదరాబాదే. అందరికీ ఒకే ఫైలు ఎక్కించి అరగంటలో పంపే చోటుకు వెళ్లకూడదు. మొదట కంపెనీ ఫైలును చదివించి, ఒక ప్రతి మన పెన్‌డ్రైవ్‌లో తీసుకోవాలి. ఇవ్వనన్న చోట పని చేయించుకోకూడదు. తరువాత మార్పులు చేయని స్థితిలో మూడు సార్లు డైనో నడిపి, ఆ అంకెలను ఆధారంగా పెట్టుకోవాలి.

మార్పులు ఇంధనం, స్పార్కు, బూస్ట్ అనే వరుసలోనే జరగాలి, ఒకేసారి రెండు మార్చకూడదు. ఇంధనం దగ్గర, మిశ్రమం నిష్పత్తికి తగినట్టు ఈసీయూలోని విలువ సరిచేసి, ట్రిమ్‌లు సున్నా దగ్గరికి వచ్చేలా చూడాలి. ఆ తరువాత ఫుల్ లోడులో లాంబ్డా 0.82, 0.88 మధ్య ఉండేలా కట్టాలి. ఇక్కడ గాలి, ఇంధన నిష్పత్తి అంకెలు వాడితే గందరగోళం తప్పదు, ఎందుకంటే పెట్రోలు లెక్కతో చూపే మీటరు ఈ30లోనూ పాత అంకెలే చూపిస్తుంది. లాంబ్డా ఏ మిశ్రమానికైనా ఒకటే.

స్పార్కును ఒక్కో డిగ్రీ చొప్పున ముందుకు తేవాలి, ప్రతి డిగ్రీ తరువాత డైనో నడపాలి. టార్క్ పెరగడం ఆగిన చోట ఆగిపోవాలి, నాకింగ్ లేదు కదా అని ఇంకో డిగ్రీ పెంచితే సిలిండరు ఒత్తిడి పెరుగుతుందే తప్ప బలం రాదు. ఏ ఒక్క సిలిండరులోనైనా నాకింగ్ సెన్సర్ రెండు మూడు డిగ్రీలు మించి వెనక్కి లాగుతుంటే ముందు స్థానానికి వెళ్లి, అక్కడి నుంచి మరో డిగ్రీ తగ్గించాలి. ఈ తగ్గింపు మే నెల మధ్యాహ్నం కోసం. ట్యూనింగ్ డిసెంబరు ఉదయం చేయించుకున్న వారికి రెండు డిగ్రీలు వదులుకోవడం క్షేమం.

బూస్ట్ చివర. 0.1 బార్ చొప్పున పెంచుతూ, మొత్తం 0.2 బార్ దాటకుండా ఆపడం కంపెనీ టర్బోకు మంచిది. 2,000 ఆర్‌పీఎం లోపు టార్క్‌ను అసలు పెంచకూడదు. పైన చెప్పిన ముందస్తు మంట జబ్బు అక్కడే పుడుతుంది, పైగా లారీల వెనుక టాప్ గేరులో నడుపుతూ ఒక్కసారిగా ఆక్సిలరేటర్ తొక్కడం మన రోడ్ల మీద అందరికీ అలవాటు. టార్క్ 2,500 నుంచి నిదానంగా పెరిగి 4,500 వరకు నిలిచేలా రాయమని ట్యూనర్‌ను అడగాలి. ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత 930 డిగ్రీల దగ్గరికి చేరితే మిశ్రమాన్ని కొంచెం చిక్కబరచాలి. అయినా దిగకపోతే బూస్ట్ వెనక్కి తీసుకోవాలి.

ఇంత క్రమంగా చేస్తే ఈ20తో 10 నుంచి 15 శాతం, మంచి ఇంటర్‌కూలర్, ఈ30 కలిస్తే ఇంకొన్ని శాతాలు బలం పెరగడం న్యాయమైన ఆశ. 200 పీఎస్ బండిని 280 చేస్తామనే మాట వినిపిస్తే లేచి రావచ్చు. రెండు ఫైళ్లు రాయించుకోవాలి: ఒకటి ఈ20కి, ఇంకొకటి ఈ30కి. ఈ30 ఫైలు మీద ఈ20 నింపితే నాకింగ్ వస్తుంది, ఈ20 ఫైలు మీద ఈ30 నింపితే ట్రిమ్‌లు పెరుగుతాయి గానీ ఇంజన్‌కు ప్రమాదం తక్కువ. దారిలో సందేహం వస్తే ఎప్పుడూ ఈ20 ఫైలు మీదే నడపాలి.

రోడ్డు మీద పరిశీలన

ఫుల్ థ్రాటిల్ పరీక్షలకు డైనోయే చోటు. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు వేగ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు, నార్కట్‌పల్లి, చిట్యాల దగ్గర అడ్డంగా దాటే ట్రాక్టర్లు, గొర్రెల మందలు ఆ వేగానికి కూడా సమయం ఇవ్వవు. రోడ్డు మీద చూడవలసింది వేడి. శ్రీశైలం ఆనకట్ట దగ్గరి నుంచి ఈగలపెంట, దోమలపెంట వైపు ఎక్కే ఘాట్‌లో తక్కువ వేగం, ఎక్కువ భారం, తక్కువ గాలి మూడూ కలిసి వస్తాయి. అక్కడ పగటిపూట, మామూలు వేగంతోనే ఎక్కుతూ కూలెంట్, ఇంటేక్ ఉష్ణోగ్రతలు, నాకింగ్ తగ్గింపు రికార్డు చేస్తే ట్యూన్ నాణ్యత తేలిపోతుంది. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు ఉండవు, హారన్, సైలెన్సర్ చప్పుడు అక్కడ తగవు. 1,700 కిలోలు దాటే బండికి బలం పెంచాక బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిల్, టైర్ల వయసు కూడా చూడాలి. ఆ దిగుడులో వాటి పని ఇంజన్ పని కన్నా పెద్దది.

తరువాతి సంరక్షణ

ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. జులై నుంచి సెప్టెంబరు వరకు బండిని వారాల తరబడి నిలిపి ఉంచవలసి వస్తే ట్యాంకును నిండుగా ఉంచాలి, ఖాళీ చోటు తగ్గితే తేమా తగ్గుతుంది. నీరు హద్దు మీరితే ఇథనాల్ పెట్రోలును విడిచి అడుగుకు చేరుతుంది, పంపు మొదట పీల్చేది ఆ అడుగు పొరనే. గాజు గొట్టంలో నీళ్లు పోయకముందే నమూనా మసకగా, రెండు పొరలుగా కనిపిస్తే ఆ ట్యాంకును ఖాళీ చేయించడం తప్ప మార్గం లేదు.

మైలేజీ విషయంలో ముందే సిద్ధపడాలి. శుద్ధ పెట్రోలుకు రూపొందించి ఈ10కు సరిచేసిన నాలుగు చక్రాల వాహనాలలో ఈ20 వల్ల 6, 7 శాతం మైలేజీ తగ్గవచ్చని 2021 జూన్‌లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. ఈ30తో ఇంకో మూడు నాలుగు శాతం పోతుంది, పెరిగిన బలాన్ని వాడుకుంటే అంతకన్నా ఎక్కువే. ఎక్కువ ఇంధనం చిమ్మడం వల్ల కొంత ఆయిల్‌లో కలుస్తుంది. ఊళ్లోనే పది నిమిషాల ప్రయాణాలు చేసే బండిలో అది ఆవిరి కాకుండా మిగిలిపోతుంది, కాబట్టి ఆయిల్ 5,000 కిలోమీటర్లకే మార్చాలి, డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగినట్టు కనిపిస్తే ఇంకా ముందే. ప్లగ్గులు 10,000 దగ్గర విప్పి చూడాలి. పింగాణీ మీద నల్లటి మిరియాల చుక్కలో, మెరిసే లోహపు రేణువులో కనిపిస్తే అవి నాకింగ్ ఆనవాళ్లు, వెంటనే కంపెనీ ఫైలు ఎక్కించి కారణం వెతకాలి. పాత బండికి మొదటిసారి ఎక్కువ శాతం ఇథనాల్ వాడినప్పుడు ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి కరిగి ఫిల్టరుకు చేరుతుంది, అందువల్ల మొదటి రెండు ట్యాంకుల తరువాత ఇంధన ఫిల్టరు మార్చి, రైలు ఒత్తిడిని మరోసారి రికార్డు చేసి మొదటి దానితో పోల్చుకోవాలి.